తలుపు రాయి

చీకటి పడ్డాక మా ఇంట్లో ఆ కొండ పేరెత్తేవాళ్ళు కాదు. తప్పనప్పుడు 'పైది' అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. ఆ పైదాని నడుం మీద, రెండు నల్లబండల మధ్య సన్నటి దారి ఒకటుంది. పొద్దు వాలాక అక్కడ ఒక ఆడగొంతు కూనిరాగం తీస్తుందట. అది విన్న మగవాడు ఇంటికైతే వస్తాడు గానీ, మనసు మాత్రం అక్కడే వదిలేసి వస్తాడట.

ఇది మా చిన్నమ్మమ్మకి జరిగింది. ఆవిడ అబద్ధం ఆడగా నేనెప్పుడూ చూడలేదు. ఈ సంగతి చెప్పే ముందు మాత్రం దేవుడికి ఒకసారి దణ్ణం పెట్టుకునేది.

అప్పటికి ఆవిడ కొత్త కోడలు. చిన్నతాతయ్యది రాతిగోడలు కట్టే పని. మట్టీ లేదు, సున్నమూ లేదు. రాయి మీద రాయి అమర్చుకుంటూ పోవడమే. ఆ పనివాళ్ళకి ఒక పట్టింపు ఉండేది. ఒకసారి చేతిలోకి తీసుకున్న రాయిని మళ్ళీ కింద పడెయ్యకూడదు. అటు తిప్పి, ఇటు తిప్పి, దానికో చోటు చూపించాల్సిందే. అందరిలోకీ చిన్నతాతయ్య మరీనూ. ఆయన గోడలో చీమకి కూడా సందు దొరకదని పేరు.

పెళ్ళైన కొత్తల్లో పని ముగియగానే ఇంటికొచ్చేవాడు. తర్వాత్తర్వాత ఆలస్యం మొదలైంది. చీకట్లో వచ్చేవాడు — మోకాళ్ళకి నాచు మరకలు, జుట్టులో మంచు తడి, పెదాల మీద ఎవరికీ చెప్పని చిన్న నవ్వు.

"ఎక్కడికెళ్ళారు?"

"పైకి."

"పైన ఏముందండీ?"

"ఏముంటుంది... రాళ్ళు, గాలి."

రాళ్ళనీ గాలినీ తలుచుకుని ఏ మగాడూ అలా నవ్వుకోడు అనుకుంది చిన్నమ్మమ్మ.

అత్తగారు పొయ్యి దగ్గర కూర్చుని, పుల్ల ఎగదోసినంత తేలిగ్గా మాట ఎగదోసింది. "మీ మామగారూ ఇంతే అమ్మాయ్. పెళ్ళి నాతో, కాపురం దానితో."

"దాన్ని మీరెప్పుడైనా చూశారా అత్తయ్యా?"

"సవతి మొహం చూడ్డానికి కొండెక్కమంటావా? నాకు ఒళ్ళు మండింది గానీ, కాళ్ళు కదల్లేదు."

చిన్నమ్మమ్మకి కాళ్ళు కదిలాయి. మర్నాడు సాయంత్రం శాలువా కప్పుకుని, ఆయనకి కనబడనంత దూరంలో వెనకాలే ఎక్కింది.

కింది నుంచి చూస్తే ఆ కొండ చిటపటలాడే మొహంలా ఉండేది. ఎక్కేకొద్దీ ఒక్కో మడతా విప్పింది. గొర్రెలు కొరికి కురచ చేసిన పచ్చగడ్డి, దాని మధ్య ఊదారంగు చిట్టిపూల పొదలు, బండ పగుళ్ళలోంచి చల్లగా జారే నీళ్ళు. ఇంకాస్త పైన, దోసిట్లో పట్టేలా ఉన్న చిన్న చెరువు, దాన్నిండా ఆకాశం. వెనక్కి తిరిగితే లోయంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంది. తను రోజూ తుడిచి అలిసిపోయే ఇల్లు గోరంత. ఒక మేఘం దాని మీద నుంచి నీడ ఈడ్చుకుంటూ పోయింది.

ఆవిడ చూస్తూ నిలబడిపోయింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

వికారంగా ఉన్నా బాగుండేది. ఇంత అందగత్తె అని ఎవరూ చెప్పలేదు. తను వండి, వడ్డించడానికి సిద్ధం చేసి, తల దువ్వుకుని గుమ్మంలో కాచుకుని కూర్చుంటుంటే — ఇది ఏ పనీ చెయ్యకుండా, ఉన్నచోటనే ఉండి, ఆయన్ని రప్పించుకుంటోంది.

ఆ నల్లబండల దగ్గరికి వచ్చేసరికి వెలుగు పోయింది. మంచు దిగింది. అప్పుడు వినిపించింది...

ఆడగొంతే. సన్నగా, తెరలు తెరలుగా, ఎవరినో జోకొడుతున్నట్టు.

మంచులో ఆయన ఆకారం. పక్కన ఇంకో ఆకారం — కోటు కప్పుకుని, తల వంచుకుని. ఆయన దానికేసి ఒంగి గుసగుసలాడుతున్నాడు. "ఇంకొంచెం ఇటు... ఆ, అంతే... ఇక కదలకు."

భయం వెయ్యలేదు. దానికి ఆవిడ ముసలితనంలో కూడా ఆశ్చర్యపోయేది. సరాసరి వెళ్ళి ఎదురుగా నిలబడింది. "ఎవరిది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. పక్కనున్నది నిలువెత్తు రాయి. దాని మీద తగిలించింది ఆయన కోటే. వెనక కొత్తగా కట్టిన గోడ, గోడకి ఆనించి ఒక అరుగు — ఇద్దరు కూర్చునేటంత.

"రాళ్ళతో మాట్లాడతారా మీరు?"

"మాట వినకపోతే చెప్పుకోవాలిగా మరి." తల గోక్కున్నాడు. "పెళ్ళై ఈ దారినే వస్తున్నప్పుడు, ఏమీ కనబడని మంచులో, ఇక్కడ నీకు ఆయాసం వచ్చింది. కూర్చోడానికి చోటే లేదన్నావు. ఈ చివరి రాయి కూడా నిలబెట్టేసి తీసుకొద్దామనుకున్నా... నువ్వే వచ్చేశావు."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి ఆవిడకి. ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. కథ అక్కడితో అయిపోవాల్సింది.

కానీ పాట ఆగలేదు. ఆవిడ తల తిప్పి చూసింది. వెనక గోడలో, సరిగ్గా ఇద్దరి తలల మధ్య, రెండు గుప్పిళ్ళంత కంత. గాలి అందులోంచి దూరుతూ పాడుతోంది. ఓస్, ఇంతేనా అనుకుంది. ఆయనేమో అరుగు ఆవిడ కోసమే కట్టినా, చూపు మాత్రం కొండ మీద నుంచి తిప్పడం లేదు. మొగుడి చెవిలో పాడే గొంతు, గాలిదైతే మాత్రం... ఆవిడకి నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఆయన లోయలో పనిలో ఉండగా, ఇంటి తలుపు మూసుకుపోకుండా ఆనించే గుండ్రటి ఏటిరాయిని శాలువాలో మూటగట్టుకుని ఎక్కింది. దాని మీద ఒక నీలం మరక ఉండేది, తలుపుకి రంగు వేసినప్పుడు అంటింది. కంతలో పెట్టి, ఇంకో రాయితో కొట్టి బిగించింది. కొలిచి చేసినట్టు పట్టింది.

పాట ఆగింది.

"ఇప్పుడు పాడు, చూస్తాను," అని దిగొచ్చేసింది.

ఆ రాత్రి కొండ నోరెత్తలేదు. చాలా రోజులకి కంటినిండా నిద్రపోయింది ఆవిడ.

తెల్లవారి గడియ తీసి నెడితే తలుపు రాలేదు. ఆ ఇంటికి ఉన్న తలుపు అదొక్కటే, బయటికి తెరుచుకునేది. భుజం పెట్టి తోసింది. కదల్లేదు. ఆయన వచ్చి తోశాడు. కదల్లేదు. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని చూస్తోంది.

చివరికి ఆయన కిటికీలోంచి దూకి, ఇల్లు చుట్టి ముందుకెళ్ళాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు... తర్వాత ఏదో పెకిలించిన మోత. తలుపు మెల్లగా తెరుచుకుంది.

ఆయన చేతిలో ఏటిరాయి. నీలం మరక.

"తలుపు కింద ఉంది. బయట నుంచి. కొట్టి బిగించినట్టు."

రాత్రి ముగ్గురూ లోపలే పడుకున్నారు. చిన్నమ్మమ్మ చేసిందంతా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. రాయికేసే చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఏ కంత?"

"అరుగు వెనక... మన తలల మధ్య..."

"నేను కంత వదల్లేదే."

చేతిలోకి తీసుకున్న రాయికి చోటు చూపించాలి. ఇద్దరూ కలిసే ఎక్కారు. గోడ అంతా నిండుగా ఉంది. ఆవిడ వేళ్ళతో తడిమి తడిమి చూసింది, గోరు దూరే సందు కూడా లేదు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. పాట మాత్రం ఉంది... చెవి పక్కనే.

ఆయన ఆ రాయిని అరుగు మీద సరిగ్గా మధ్యలో పెట్టాడు. ఒకరు అటు, ఒకరు ఇటు కూర్చున్నారు.

అప్పుడు ఆగింది పాట.

ఆయన బతికినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ అలాగే మధ్య చోటు వదిలి కూర్చున్నారు, కొండ మీదా, ఇంట్లోనూ. నాకీ సంగతి చెప్పిన సాయంత్రానికి ఆయన పోయి చాలాకాలమైంది. నేను దగ్గరికి జరిగి ఆవిడకి ఆనుకోబోతే, చేత్తో మెత్తగా ఆపింది.

"అసూయ పడ్డం నాకొక్కదానికే వచ్చనుకున్నాను తల్లీ," అంది. కిటికీలోంచి ఒకసారి పైకి చూసి, గొంతు ఇంకా తగ్గించింది.

"కొంచెం అటు జరుగు... చూస్తోంది."