ఎవరూ విప్పని పొట్లం

హువాంగ్ షున్‌జెన్‌ను చంపిన గుండు ఎవరి తుపాకీలోంచి వచ్చిందో ఏడు నెలలైనా తేలలేదు. ఆ చావుకు దారి వేసిన టిక్‌మార్కు ఎవరిదో మాత్రం ఏజెంట్ లో యూషెంగ్‌కు తెలుసు. అది తనదే.

విదేశీ ముఠా ఓడల్లో కూలీల వేషంలో చేరిన మన గూఢచార విభాగం వాళ్లు ఏ రోజు, ఏ రేవులో, ఏ సంకేతం చెప్పి బయటపడాలో ఒకే ఒక్క ఫైలులో ఉండేది. కాగితం మీద పెట్టకూడదన్నది నియమం. ఫైలు ఉత్తరాన కీలుంగ్ రేవు ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది. దాని బ్యాకప్ రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకు తనంతట తానే దక్షిణాన తైనాన్ సర్వర్‌కు వెళుతుంది. ఆ వేళ ఆఫీసంతా దీపాలార్పి బల్లల మీద తలవాల్చి కునుకు తీస్తుంది కాబట్టి నెట్‌వర్క్ ఖాళీగా ఉంటుంది. ఈ ఏర్పాటంతా యూషెంగ్‌దే. 'ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడ కూడా చెరిపేయాలా?' అని తెర మీద ప్రశ్న వస్తే, డిస్కులో చోటు కలిసొస్తుందని టిక్ పెట్టేశాడు.

ఆ రోజు షున్‌జెన్ పక్కనే ఉన్నాడు. ముఠా ఓడ ఎక్కడానికి సిద్ధమవుతున్న కుర్రాడు. తిండిపోతు. కొత్త సర్వర్ నెత్తిన పెట్టిన మొక్కజొన్న చిరుతిండి పొట్లం మీద చెయ్యి వేయబోతే, యూషెంగ్ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. పొట్లం ఉంటేనే యంత్రం మాట వింటుందని అక్కడి నమ్మకం. అది ఆకుపచ్చగా ఉండాలి, గడువు దాటకూడదు, దాన్ని ఎవరూ విప్పకూడదు. ఇంజినీర్లు నవ్వుతూనే పాటిస్తారు, కానీ పాటించి తీరతారు.

"గుళ్లో దేవుడికి పెట్టింది కూడా ఆఖరికి మనకే పెడతారు కదన్నా. ఈ డబ్బా దేవుడికన్నా గొప్పదా?" అన్నాడు షున్‌జెన్ చెయ్యి రుద్దుకుంటూ.

ఆరు వారాల తర్వాత ఒక కునుకు వేళ కీలుంగ్‌లో ఎవరో ఫైలు చెరిపేశారు. ఒకటిన్నరకు బ్యాకప్ బుద్ధిగా తైనాన్ నకలు కూడా చెరిపేసింది. ఏ రేవుకు పడవ పంపాలో ఎవరికీ తెలియలేదు. షున్‌జెన్ ఎదురుచూస్తూ నిలబడ్డాడు. పడవ రాలేదు, ముఠా వచ్చింది.

విచారణలో యూషెంగ్ డిస్కు పాడైందన్నాడు. టిక్ తీసేస్తే తన పేరుతో సహా యంత్రం రాసుకునే లాగ్‌లో పడుతుంది. అందుకని దాన్ని ముట్టుకోలేదు. ఏడు నెలలుగా ఆ టిక్ అక్కడే, నిజం అతని లోపలే ఉండిపోయాయి.

శుక్రవారం ఉదయం తైపే ప్రధాన కార్యాలయంలో విభాగం డైరెక్టర్ పెంగ్ కబురు చేసింది. ఆమెకు ఉపోద్ఘాతాలు పడవు.

"ముఠా మాట మన చెవిన పడింది. ఇవాళ కునుకు వేళ ఫైలు మళ్లీ పోతుంది. సాయంత్రం మనవాళ్లు పదకొండు మంది ఓడలు దిగాలి."

"లోపలి మనిషెవరు?"

"అది పట్టుకోవడమే నీ పని. ముందే ఫైలు కదిపితే ఆ మనిషి జాగ్రత్తపడిపోతాడు. కీలుంగ్‌లో పోయినా తైనాన్‌లో ఉంటుందిగా? నా ధైర్యమంతా అదే."

చెప్పాల్సిన క్షణం అదే. అయినా యూషెంగ్ నోటి నుంచి, "ఉంటుంది, డైరెక్టర్ గారూ" అనే వచ్చింది.

రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి, ఇవాళ లాగ్ ఎవరూ చూడరులే అని టిక్ తీయబోయాడు. పాస్‌వర్డ్ ముందురోజే ఎవరో మార్చేశారు. ఒక్క ఫోన్ చేస్తే తైనాన్‌లో ఎవరైనా వెళ్లి తీగ పీకేస్తారు. కానీ ఎందుకని అడుగుతారు. ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పదకొండు మంది ప్రాణాల కన్నా తన పరువే బరువైందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఫోన్ చేయలేదు.

కీలుంగ్‌లో ఎప్పటిలాగే వాన. ఓడల సరుకు ఆఫీసు బోర్డు వెనక విభాగం నడుస్తోంది. టోపీ, మాస్కు, భుజాన నిచ్చెనతో ఏసీ మెకానిక్‌లా లోపలికి వెళ్లాడు.

"మూడో అంతస్తులో నీళ్లు కారుతున్నాయట."

"వానాకాలం బాబూ, కారనిది ఏముంది?" అని సంకేతానికి సంకేతం బదులిచ్చి, గుమస్తా లిన్ అక్క తాళం చేతిలో పెట్టింది.

పన్నెండున్నరకు దీపాలారాయి. ముప్పై మంది తలలు వాల్చారు. యూషెంగ్ సర్వర్ గదిలో నిచ్చెనెక్కి కూర్చున్నాడు. ఒంటిగంటా ఇరవై ఏడుకు చేతి గడియారం మూడుసార్లు వణికింది, అది అతను అమర్చుకున్న హెచ్చరిక. ఫైలు పోయింది. గదిలో మాత్రం పురుగు కూడా లేదు.

నిచ్చెన దిగుతుండగా తలుపు తెరుచుకుంది. ష్యూ మన్‌లిన్. ఎర్ర కోటు, ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో లిప్‌స్టిక్. ముఠాలో నాలుగేళ్లు మన తరఫున ఉండి వచ్చి, ఇప్పుడు ఈ ఆఫీసులోనే పనిచేస్తున్న అందగత్తె. షున్‌జెన్ అంత్యక్రియల్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆమే. చెప్పులు కింద పెట్టి చిన్న పిస్తోలు తీసింది.

"మాస్కు కట్టినా నీ నిల్చునే తీరు మారదు, యూషెంగ్." బయటివాళ్లు లేవకుండా గుసగుసగా అంది.

"కాల్చు. ముప్పై మంది లేస్తారు." అతనూ గుసగుసలాడాడు.

"కాల్చడం దేనికి? ఇంకో రెండు నిమిషాలు ఎవరూ తీగ ముట్టుకోకుండా చూడ్డానికే వచ్చాను. ఇలాగే నిలబడు చాలు. నేను చెరిపేది ఒకటే. రెండోది చెరిపేది నీ టిక్కే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఏడు నెలలుగా తనలో తాను అనుకున్న మాటే ఇంకొకరి నోట విన్నాడు. గోడ గడియారం ఒకటీ ఇరవై తొమ్మిది దాటింది. యూషెంగ్ నిచ్చెనను ఆమె మీదికి తోసి, సర్వర్ వెనక్కి దూకి నెట్‌వర్క్ తీగ పీకేశాడు. ఒకటిన్నరకు ఇంకా రెండు సెకన్లున్నాయి.

ఆ ఊపుకు పొట్లం కింద పడింది. మొక్కజొన్న పేలాల పొట్లం పడితే చప్పుడే ఉండకూడదు. ఇది ధబ్బుమని పడింది.

దీపాలు వెలిగాయి. నిచ్చెన చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన లిన్ అక్క, కింద పడ్డ మన్‌లిన్ మణికట్టును తొక్కిపట్టి పిస్తోలు లాక్కుంది. యూషెంగ్ పొట్లం చించాడు. పేలాల మధ్య అగ్గిపెట్టెంత రేడియో పరికరం. లిప్‌స్టిక్ తిప్పితే చాలు, చెరిపేయమని సర్వర్‌కు ఆజ్ఞ వెళుతుంది.

"ప్రతిసారీ గడువు దాటకముందే కొత్తది మన్‌లినే తెచ్చేది, ఎంత శ్రద్ధో అనుకున్నాను. మొట్టమొదటి పొట్లం కూడా తన చేత్తోనే పెట్టింది," అంది లిన్ అక్క.

మొట్టమొదటి పొట్లం. షున్‌జెన్ చెయ్యి వేయబోయింది దాని మీదే. అతను పోయాక ఇదే గదిలో పైకప్పు పలకలు ఊడదీశారు, నేల తవ్వారు. పొట్లం మాత్రం ఎవరూ విప్పలేదు. పైగా పక్కకు ఒరిగిందని యూషెంగే రెండు చేతులా సరిచేసి పెట్టాడు. ఆ రోజు వాణ్ని తిననిచ్చి ఉంటే వాడు బతికేవాడు.

అక్కడే నేల మీద కూలబడి పెంగ్‌కు ఫోన్ చేశాడు.

"తైనాన్‌లో ఫైలు భద్రంగా ఉంది. షున్‌జెన్ ఫైలు పోయింది డిస్కు పాడై కాదు, డైరెక్టర్ గారూ. నా వల్ల. అబద్ధం చెప్పాను."

పెంగ్ ఇప్పుడూ సూటిగానే మాట్లాడింది.

"ముందు పదకొండు మందిని దించుకోనీ. ఆ తర్వాత నీ సంగతి చూస్తాను. ఈలోగా ఆ టిక్ తీసెయ్యి. లాగ్‌లో నీ పేరు పడనీ."

పాస్‌వర్డ్ మార్పించుకుని యూషెంగ్ టిక్ తీసేశాడు. సాయంత్రానికి పదకొండు మందీ రేవు దాటారు. తనను తీసుకెళ్లడానికి తైపే నుంచి వచ్చే కారు కోసం చూస్తున్న యూషెంగ్ చేతిలో లిన్ అక్క కొత్త ఆకుపచ్చ పొట్లం పెట్టి, సర్వర్ మీద పెట్టి వెళ్లమంది. చెవి దగ్గర ఊపి చూశాడు. గలగలలాడింది. అయినా చించాడు. అపశకునమని ఆమె తిడుతూనే ఉంది. ఒక పేలం తీసి నోట్లో వేసుకున్నాడు.

షున్‌జెన్ ఆశపడినంత రుచిగా ఏమీ లేదు.