ఆకలిగొన్న నీళ్లు

"మేస్త్రీ, నీ గోడ మా పిల్లల కాళ్లు గీరుతున్నది. సిమెంటు తక్కువేసినవా, పాలరాతి పొడి తక్కువేసినవా, ఆదివారం మీటింగుల చెప్పాలె. లేకుంటే మొత్తం పగలగొట్టి ఇంకోని చేత కట్టిస్తం."

మల్లన్న ఆ మాట అనేసి చరచరా వెళ్లిపోయాడు. యూనియన్ నాయకుడు కదా, బెదిరింపు కూడా తేదీ వేసే ఇస్తాడు.

ఛత్రినాకలో కార్మికులు కట్టుకున్న ఈత కొలను అది. పెద్ద క్లబ్బుల గేట్ల దగ్గర తమ పిల్లల్ని ఆపేస్తే, ఒళ్లు మండి కట్టుకున్నారు. లోపలి ప్లాస్టరు మొత్తం ఇస్సాకు మేస్త్రీ చేసినదే. మాదన్నపేటలో పుట్టి, పదేళ్లు ఇతరుల కింద తాపీ పట్టి, తన పేరు మీద చేసిన మొదటి పెద్ద పని. అది పగిలితే ఇక అతని చేతికి ఎవరూ తాపీ ఇవ్వరు. మళ్లీ ఇసుక మోయాల్సిందే.

నడుము లోతు నీళ్లలో నిలబడి గోడను తడిమాడు. మార్చిలో గాజులా ఉన్న గోడ, మే నెల పోకముందే గరుకు కాగితంలా తయారైంది. తెల్ల సిమెంటు చెంచాడు కూడా తగ్గించలేదే!

అంతలో చెవి పక్కనే బుడుంగుమని ఒక సీసా మునిగింది.

"జర జరుగు మేస్త్రీ. నీ నీడ పడుతున్నది."

"నీడ పడితే నీళ్లు పాడైతయా మేడం?"

"నీళ్లు గాదు. నా మూడ్ పాడైతది."

సావిత్రి. మల్లన్న కూతురు. బి.ఎస్సీ. పాసై ఒక ల్యాబులో నీళ్లు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. కొలను నీళ్లు చూసే పని తండ్రి ఆమెకే అప్పగించాడు.

పంపు గది మెట్ల మీద ఆమె గాజు కుప్పెలో నీళ్లు పోసి చిటికెడు పొడి వేసింది. నీళ్లు దానిమ్మ రంగుకు తిరిగాయి. పైన పట్టుకున్న సన్నటి గొట్టం నుంచి చుక్క చుక్కగా మందు పడుతోంది. ఇస్సాకు చూడాల్సింది కుప్పెను. చూస్తున్నది మాత్రం, ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెడుతున్న ఆమె పెదాలను.

నాలుగో చుక్కకే ఎరుపంతా మాయమై నీలం వచ్చేసింది. సాయంత్రం ఆకాశాన్ని ఎవరో కుప్పెలోకి ఒంపినట్టు.

"అబ్బ! మస్తుగున్నది" అన్నాడు.

"మస్తుగ లేదు. ఎంత జల్ది నీలమైతే సున్నం అంత తక్కువ. కాల్షియం హార్డ్‌నెస్ అంటరు. రెండు వందలు ఉండాలె. ఇది నలభై." ఆమె కుప్పె కింద పెట్టింది. "ఇవి మెత్తటి నీళ్లు మేస్త్రీ. ఆకలి మీదున్నయి. లోపల సున్నం లేదు గనక నీ గోడల సున్నం తింటున్నయి."

ఇస్సాకు ఎగిరి గంతేశాడు. "అంటే నా తప్పు లేదు!"

"లేదు. నాది."

గంతు సగంలో ఆగిపోయింది.

"మార్చిల కొలను నింపే నల్లా నీళ్లు చూసి మంచిగున్నయని చీటీ రాసిచ్చింది నేనే. తాగనీకె మంచియే. గోడ సంగతి నాకు తోచనే లేదు. నా బిడ్డ పరీక్ష చేసిందని మా బాపు ఆ చీటీ యూనియన్ల అందరికి సదివి వినిపించిండు." కుప్పె కడిగి బోర్లించింది. "ఆదివారం చెప్త. చెప్పకుంటే నీ పని పోతది."

కొలను మీది వెలుగు ఆమె చెంప మీద మెల్లగా ఊగుతోంది. ఆ వెలుగును చూస్తూ ఇస్సాకు తన పని సంగతే మరిచిపోయాడు. వయసు చేసే అన్యాయాలు ఇలాంటివే.

"ఫికర్ చేయకు" అన్నాడు. "ముందుగాల వాటి ఆకలి తీరుద్దాం."

ఎలా తీర్చాలో అడగలేదు. తాపీ మేస్త్రీకి సున్నం సంగతి ఎవరు చెప్పాలి? తెల్లారగానే రెండు బస్తాల సున్నం తడిపి, చల్లార్చి, కొలనంతా తిరిగి తిరిగి పోశాడు. ఇల్లు కట్టినవాడు గృహప్రవేశంలో వడ్డించినంత సంబరంగా.

సావిత్రి వచ్చేసరికి కొలను నిండా పాలు.

"ఏంది గిది?"

"ఆకలైందంటివి గద. తినవెట్టిన."

"అన్నం పెట్టమంటే బియ్యం బస్తా నోట్లె కుమ్మరిస్తవా?" ఆమె నెత్తి కొట్టుకుంది. "సున్నం ఒక్కటే గాదయ్యా, పులుపు గూడ సూడాలె! వట్టి సున్నం పోస్తే పులుపంత చచ్చి, గోడలకు తెల్లగ పొక్కులు కడతది. తక్కువైతే తింటది, ఎక్కువైతే కక్కుతది. నడిమిట్ల నిలవాలె. సమజైందా?"

"సమజైంది మేడం."

"ఏం సమజైంది?"

"నాకు సమజ్ కాలేదని."

ఆమె కోపంగానే ఉంది. మరి పెదవి చివర ఆ నవ్వెందుకు వచ్చిందో ఆమెనే అడగాలి.

పంపు నడిపే కమాలుద్దీన్ దారి చూపాడు. "బేటీ, వెనక బావి నీళ్లు తాగనీకె పనికిరావు. పప్పు గూడ ఉడకది. అంత గట్టియి."

సావిత్రి బావి నీళ్లు పరీక్షించింది. ఆరు వందలు! ఆమె కళ్లు మెరిశాయి. కొలనులో మూడో వంతు తోడేసి బావి నీళ్లు కలిపితే లెక్క సరిపోతుంది.

మూడు రోజులు అదే పని. సున్నం అడుక్కు దిగింది. ఇస్సాకు దాన్ని గొట్టంతో లాగేశాడు. సావిత్రి యాసిడ్‌ను బకెట్ నీళ్లలో కలిపి, కొంచెం పోయడం, ఆగడం, పరీక్షించడం. పాలలాంటి నీళ్లు మంచులా మారాయి. మంచు పలచబడి, ఒక మధ్యాహ్నం కొలను అడుగు మెల్లగా కనబడింది, కలలోంచి ఒక ఊరు కనబడినట్టు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ పంపు గది రేకుల కిందికి పరుగెత్తారు.

"వాన నీళ్లల్ల సున్నం ఉంటదా?" అడిగాడు.

"ఉండది. రేపు మళ్ల సూడాలె."

"ఎల్లుండి?"

"వాన పడితే ఎల్లుండి గూడ."

"అయితే పడనియ్" అన్నాడు ఇస్సాకు. ఆమె తల తిప్పుకుని, రేకు అంచు నుంచి కారే వానకు సీసా పట్టింది.

ఆదివారం నలభై మంది కూర్చున్నారు. మల్లన్న లేచాడు. "చెప్పు మేస్త్రీ. గోడ ఎందుకు గట్లయింది?"

సావిత్రి నోరు తెరవకముందే ఇస్సాకు నిలబడ్డాడు. "నాదే తప్పు. సిమెంటు తక్కువేసిన. నా చేతులతోనే మళ్ల సాపు చేసిస్త."

సిమెంటు దొంగనని మేస్త్రీ తన నోటితో తానే చెప్పుకోవడమంటే, తన చేతులు తానే నరుక్కోవడం. గుంపు భగ్గుమంది. ఎవరో తిట్టారు కూడా.

"అబద్ధం!" సావిత్రి లేచింది. మొహం ఎర్రగా కందిపోయింది. "బాపు, తప్పు నాది. మెత్తటి నీళ్లని నేను చూసుకోలే. మంచిగున్నయని చీటీ ఇచ్చిన. గోడను నీళ్లు తిన్నయి. ఈయన సిమెంటు ఈయన సరిగ్గనే వేసిండు." ఇస్సాకు వైపు తిరిగింది. "నా తప్పు మోయమని నిన్నెవరడిగిన్రు? నా తప్పు నేను మోయలేనా?"

"గది కాదు సావిత్రీ..."

"మరేంది?"

మల్లన్న కూతురిని చూశాడు. మేస్త్రీని చూశాడు. ఇరవై ఏళ్లుగా యాజమాన్యాల మొహాలు చదివినవాడికి ఈ రెండు మొహాలు ఒక లెక్కా!

"నా బిడ్డ తప్పు చేసింది. ఒప్పుకున్నది. అక్కడికి ఖతం. గోడ ఎవరూ పగలగొట్టరు" అన్నాడు. "కానీ మేస్త్రీ, నాకు అబద్ధమాడేటోళ్లంటే మంట. ఎందుకాడినవో చెప్పు."

ఇస్సాకు నలభై మంది ముందు చెమటలు కక్కాడు. "ఆమె తల వంచుకుంటే సూడలేను కాకా. నాకామె అంటే పానం."

కమాలుద్దీన్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు.

"నడువున్రి, మీటింగ్ ఖతం!" మల్లన్న అరిచాడు. కులం, మతం అని గొణిగిన మూల వైపు ఒక్క చూపు చూశాడు. గొణుగుడు ఆగింది. పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "బిడ్డా, నీకిష్టమేనా?"

సావిత్రి తలెత్తే ఉంది. "ఇష్టమే బాపు."

"అయితే మీ అమ్మతోని మాట్లాడనీకె నాకు ఇంకో మీటింగ్ ఉన్నది."

అందరూ వెళ్లిపోయారు. కొలను నీలంగా, కడుపు నిండి నిద్రపోతున్న పాపలా ఉంది. సావిత్రి మెట్టు మీద చెప్పులు విడిచింది.

"రా, ఈత కొడదువు."

"నాకు ఈత రాదు."

"కొలను కట్టినోనివి, ఈత రాదా?"

"నీళ్లను పరీక్ష చేసేదానివి, నీకొస్తదా?"

ఆమె నాలుక కరుచుకుంది. "రాదు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె చెయ్యి చాపింది.

"ఈ దిక్కు మూడడుగుల లోతే" అంది. "పట్టుకో."

అతను పట్టుకున్నాడు. మొదటి మెట్టు ఇద్దరూ ఒకేసారి దిగారు.