లోపలి దగ్గు

"గట్టిగా ఊపిరి పీల్చుకుని ఛాతీలోంచి దగ్గాలి. నోట్లో ఉమ్మి పనికిరాదు, లోపలి కఫమే కావాలి," అని చెప్పి ల్యాబ్ అక్క ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చింది.

ఆస్పత్రి వెనక ఆరుబయట గువ్వ ఒక్కతే నిలబడింది. గువ్వ అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన ముద్దుపేరు. వారాల తరబడి దాని దగ్గు తగ్గడం లేదు. గౌన్లన్నీ వదులైపోయాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. అది టీబీయా కాదా అన్నది ఈ డబ్బా తేల్చాలి.

టీబీ ఉంటే బడికి రానివ్వరని క్లాసులో ఎవరో అన్నారు. పరుగుపందెం చూస్తే దగ్గరపడింది. పరుగులో గువ్వను కొట్టేవాళ్లు లేరు. అందుకే అటూ ఇటూ చూసి, డబ్బాలో తుపుక్కున ఉమ్మేసి మూత బిగించింది. తనంత తెలివైనది ఇంకెవరూ లేరనుకుంది పాపం.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇందులో క్రిమి కనిపించలేదు. గువ్వా, లోపలి నుంచి దగ్గే ఇచ్చావా?"

గువ్వ తల ఊపింది. అయితే మామూలు మందులు వాడి చూద్దామని, తగ్గకపోతే మళ్లీ రమ్మని డాక్టరమ్మ చెప్పింది. గువ్వకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అప్పుడే డాక్టరమ్మ కళ్లు అమ్మ ఒళ్లో ఉన్న చంటి తమ్ముడి మీద పడ్డాయి. వాడు ఎక్కడ పడుకుంటాడని అడిగింది. ఈ బుడంకాయ్ అక్క జడ పట్టుకోందే నిద్రపోడని అమ్మ నవ్వుతూ చెప్పింది.

"క్రిమి కనిపించి ఉంటే ఇవాళే వీడికీ పరీక్షలు చేసి మందు మొదలుపెట్టేదాన్ని. ఇంత చిన్నపిల్లలకి టీబీ అంటుకుంటే తొందరగా ముదిరిపోతుందమ్మా," అంది డాక్టరమ్మ.

గువ్వ తేలు కుట్టిన దొంగలా అమ్మ వెనకే నడిచింది.

గేటు దగ్గర దానికి దగ్గు వచ్చింది. అమ్మ భుజం మీద ఉన్న బుడంకాయ్ అక్కను చూసి నవ్వాడు. తర్వాత వాడూ ఖళ్లుమన్నాడు. అది అక్కను చూసి ఆడుతున్న ఆటో, నిజం దగ్గో గువ్వకు తెలియలేదు. చాలా భయమేసింది.

అంతే, వెనక్కి తిరిగి పరుగెత్తింది. దగ్గు ముంచుకొస్తున్నా ఆగలేదు. డాక్టరమ్మ గదిలోకి దూసుకుపోయి బల్ల పట్టుకుని నిలబడింది.

"నేను దగ్గలేదు. ఉత్త ఉమ్మి ఇచ్చాను. మా తమ్ముడికి మందివ్వండి."

వెనకే రొప్పుతూ వచ్చిన అమ్మ చెయ్యెత్తింది. కానీ ఆ చెయ్యి గువ్వ తల మీద మెల్లగా వాలింది. డాక్టరమ్మ తిట్టలేదు. టీబీ అని తేలినా, మానకుండా మందులు మింగితే తగ్గిపోతుందని చెప్పింది. కొన్నాళ్లు ఇంట్లో ఉండి, తను సరేనన్నాక బడికి వెళ్లొచ్చంది. పందేనికి మాత్రం ఈసారి కుదరదంది. గువ్వ కళ్లు తుడుచుకుని, ఇంకో డబ్బా ఇమ్మని చెయ్యి చాపింది.

మళ్లీ ఆరుబయటే. తోడుగా ఉందామని అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. వాడు అక్క జడ కోసం రెండు చేతులూ చాపాడు.

"వాణ్ణి ఇంకాస్త దూరం తీసుకెళ్లమ్మా," అంది గువ్వ.

వాళ్లు గోడ అవతలికి వెళ్లేదాకా ఆగింది. తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా లోపలి నుంచి దగ్గింది.