పగిలిపోవలసిన డిస్క్

ఆమె తన తండ్రి ప్రయాణానికి సంచి సర్దుతోంది. రెండు ఉతికిన చొక్కాలు, మోకాళ్ళ నొప్పి మాత్రలు, కళ్ళద్దాల రెండో జత, ఉన్ని మఫ్లర్. పెట్టింది తీసి మళ్ళీ పెడుతోంది. ఎవరు ఊరెళ్తున్నా ఆమెకు అదే వరస. సర్దడం పూర్తయిందంటే మనిషి వెళ్ళిపోతాడని భయం.

గుమ్మంలో భర్త నిలబడి చూస్తున్నాడు. లోకానికి అతను ఇన్సూరెన్స్ సర్వేయర్. నిజానికి రహస్య సంస్థలో ఫీల్డ్ ఏజెంట్. ఆ సంచి పిడిలో పొద్దున్నే తను ఒక ట్రాన్స్‌మిటర్ కుట్టాడని భార్యకు తెలియదు. మామగారికి తెలుసు.

"ఈసారి మీరూ వెళ్తున్నారుగా. నాన్నని వెంటబెట్టుకుని రండి," అంది ఆమె తలెత్తకుండా.

"తీసుకొస్తాను," అన్నాడు.

ఉద్యోగంలో అతను ఆడిన అబద్ధాలకు అంతు లేదు. ఇదొక్కటి నిజం కావాలనుకున్నాడు.

వీధిలోంచి మామగారు కేకేశాడు. "ఏం స్టెప్నీ, కదులుదామా?"

పెళ్ళినాటి నుంచీ అల్లుడికి ఆయన పెట్టిన పేరు అది. ఎప్పుడూ డిక్కీలో పడుంటాడు, ఎక్కడో పంక్చరైతే తప్ప పనికిరాడు అని వివరణ కూడా ఇస్తాడు, ఎవరూ అడక్కపోయినా.

మామగారు రేసు కార్ల డిజైనర్. రేడియేటర్లకు అతుకులేసే షెడ్డులో మొదలుపెట్టాడు. చెక్కతో కారు నమూనా చెక్కి, దాని ఒంటినిండా ఉన్ని దారాలు అంటించి, ఫ్యాను ముందు పెట్టి, గాలి ఎటు పోతోందో గంటల తరబడి చూసేవాడట. అక్కడి నుంచి విండ్ టనెల్ దాకా వచ్చాడు. ఆయన గీసిన కార్లు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాయి. కప్పు ఎత్తేది డ్రైవరు. ఫోటోలో వెనక వరసలో, ఎవరిదో భుజం చాటున, ఈయన సగం మొహం.

ఒక్కసారి మాత్రం మాట పడ్డాడు. యజమాని తొందరపెడితే, చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్‌ని పరీక్ష పూర్తికాకుండానే కారుకు బిగించనిచ్చాడు. అది మలుపులో విరిగింది. చనిపోయిన డ్రైవరు వాళ్ళింట్లో భోంచేసి వెళ్ళేవాడు. కూతురు అతన్ని బాబాయ్ అని పిలిచేది. ఆ తర్వాత లోపమున్న వస్తువేదీ ఆయన చేతి మీదుగా బయటికి పోలేదు. పోనివ్వలేడు. అది పంతం కాదు, జబ్బులాంటిది.

ఆ జబ్బు సంగతి సంస్థలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పటిలాగే క్లుప్తంగా సాగింది. బ్రేకుల కోసం డిజైనర్ తయారుచేసిన కార్బన్ డిస్క్ ఎర్రగా కాలినా పగలదు. అదే పదార్థం రాకెట్ మంట చిమ్మే నాజిల్‌కూ సరిపోతుంది. ఒక శత్రుదేశం నడిపే ముఠా దానికోసం ఆయన చుట్టూ తిరుగుతోంది. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్ నేమ్ నెమలి. రేసుకొచ్చే గొప్ప అతిథుల ఏర్పాట్లు చూసే ఉద్యోగం ఆమె ముసుగు. డిజైనర్ లొంగినట్టు నటించి ఆమెకు ఒక డిస్క్ ఇస్తాడు. చూడ్డానికి అసలుదే, లోపల మాత్రం తయారీ కొలిమిలో సగమే కాలింది. వాళ్ళు దాన్ని చూసి అలాంటివే చేసుకుంటారు. వాళ్ళ రాకెట్ టెస్టులోనే పేలిపోతుంది.

"డౌట్స్?" అన్నాడు చీఫ్.

"మావయ్య ఒప్పుకున్నారా?"

"నవ్వి తలూపాడు."

ఆయన తలూపితే ఒప్పుకున్నట్టు కాదని అల్లుడికి తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు.

ఏడాదిలో చివరి రేసు. అల్లుడు టైర్లు మార్చే మెకానిక్ వేషంలో గ్యారేజీలో ఉన్నాడు. ఒంటికి నూనె మరకల ఓవరాల్, చెవిలో రిసీవర్. రేసు సగం దాటాక నెమలి వచ్చింది. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫ్, నల్లద్దాలు, భుజాన కెమెరా కేసు. ఆమె నడిచొస్తుంటే మెకానిక్‌ల చేతుల్లో స్పానర్లు వాటంతటవే ఆగాయి.

"ఈ ట్రాక్ మీద గాలి ఎటు తిరుగుతుంది?" అనడిగింది. అది కోడ్.

జవాబుగా 'ఎడమకు' అనాలి. మామగారు, "నువ్వు ఎటుంటే అటు తల్లీ," అన్నాడు. ఆమె నవ్వింది. డిస్క్ కెమెరా కేసులోకి పోయింది. ఆమె గ్యారేజీ వెనక హెలిప్యాడ్ వైపు వెళ్ళిపోయింది.

మామగారు దొంతరగా పేర్చిన టైర్ల మీద కూర్చున్నాడు. సంచి పక్కన పెట్టుకున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది. ఏదైనా కారు తనకు నచ్చినట్టు కుదిరిన రోజునే ఆయన మొహం అలా ఉంటుంది. అది చూసి అల్లుడు దగ్గరికి వచ్చాడు.

"మావయ్యా, ఇచ్చింది ఏ డిస్క్?"

"మంచిదే అల్లుడూ."

స్టెప్నీ అనలేదు.

"వాళ్ళు టెస్టు చేసేటప్పుడు పక్కన ఎవడో మెకానిక్ నిలబడి ఉంటాడు. వాడికీ ఇల్లూ వాకిలీ ఉంటాయి. పగిలేది చేసి ఇంకోసారి పంపడం నా వల్ల కాదు."

"పక్కన నిలబడేవాడి సంగతి మీకెవరు చెప్పారు?"

"ఆ పిల్లే. మీ నెమలి. మీ ఆఫీసర్లలో ఒక్కడికీ తోచలేదు, ఆ పిల్లకి తోచింది."

అల్లుడికి అప్పుడు అర్థమైంది, నెమలి అవతలివాళ్ళ మనిషని. మన మనిషైతే ఆ మాట అనదు. సంస్థ ఫైళ్ళు తిరగేసి ఈయన్ని చదివింది. ఈయన గాయం ఎక్కడుందో చూసి తిన్నగా అక్కడే వేలు పెట్టింది.

"మావయ్యా, పగలని రాకెట్ వచ్చి పడేది మన ఇళ్ళ మీద," అన్నాడు.

రేసు చివరి ల్యాపుల హోరులో మామగారి గొంతు మెల్లగా వినిపించింది. "పగిలితే ఒకడు. పగలకపోతే ఊరంతా. అందరూ కలిసి ముసలితనంలో మంచి ఉద్యోగమే ఇచ్చారు నాకు."

అల్లుడు సంగతంతా రిసీవర్లో చెప్పాడు. ఆపమన్నాడు చీఫ్, అవసరమైతే కాల్చమన్నాడు. అప్పటికే హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. హెలిప్యాడ్‌కు, గ్యారేజీకి మధ్య అంతా బయలు. దాక్కుంటూ వెళ్ళడానికి ఒక్క పెట్రోలు ట్యాంకరు తప్ప ఏమీ లేదు. దాని పక్కన తుపాకీ పేలిస్తే గ్యాలరీలో జనం మాడిపోతారు.

మామగారు మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "నిన్ను చూస్తే కాలుస్తుంది. నన్ను చూస్తే చెయ్యి చాస్తుంది. వాళ్ళకి డిస్క్ కంటే నేనే ఎక్కువ కావాలి. లాక్కుని దిగిపోతాను, ఉండు."

ఆ క్షణంలో అల్లుడు ఆలోచించాడు. అల్లుడిలా కాదు, ఏజెంటులా. చొక్కా పట్టుకుని ఆపగలిగినవాడు ఆపలేదు. సంచి టైర్ల మీదే ఉండిపోయింది, పిడిలో ట్రాన్స్‌మిటర్‌తో సహా.

ట్యాంకరు చాటు నుంచి అల్లుడు అంతా చూశాడు. నెమలి నిజంగానే చెయ్యి చాచింది. మామగారు ఎక్కి తలుపు పక్కన కూర్చుని, కేసు ఒళ్ళోకి తీసుకుని, డిస్క్ బయటికి తీశాడు. గోటితో కొట్టి ఆమె చెవి దగ్గర పెట్టాడు. మంచి డిస్క్ గణగణమంటుంది, పగులున్నది మొద్దుగా మోగుతుంది. ఆయన ఎవరికైనా నేర్పే మొదటి పాఠం అది. ఆ హోరులో ఏం వినపడుతుంది? ఆమె నవ్వుతూ ఇంకా దగ్గరికి వంగింది. పైలట్ ఆగలేదు. చక్రాలు నేల విడిచాయి. మామగారు ఒక చూపు కిందికి చూసి, దూకడానికి ఎత్తు ఎక్కువైపోయిందని గ్రహించి, రెండు చేతులతో డిస్క్‌ని బయటికి విసిరేశాడు.

అది సిమెంటు మీద పడి, ఎగిరి, దొర్లుకుంటూ వచ్చి అల్లుడి బూటుకు తగిలింది. పగల్లేదు.

పైన ఆమె మామగారి మెడ పట్టుకుని లోపలికి లాగడం కనిపించింది. అల్లుడు పిస్టల్ ఎత్తాడు. పైలట్ పడితే అందరూ పడతారు. పిస్టల్ దించేశాడు.

"డిస్క్?" చెవిలో చీఫ్.

"దొరికింది."

"వెల్ డన్. మిషన్ ఓవర్."

"మావయ్య అందులో ఉన్నారు సార్."

అవతల లైను కట్టయింది. ఇవతల గ్యాలరీ ఒక్కసారిగా లేచి అరిచింది. మామగారి కారు గెలిచింది. డ్రైవరు కప్పెత్తాడు.

అనారోగ్యం వల్ల డిజైనర్ రిటైరయ్యాడని టీము ప్రకటించింది. సంస్థ ఫైల్లో నష్టం లేదని రాసుకుంది. అల్లుడికి ప్రమోషన్ వచ్చింది. ఇంటికెళ్ళిన రోజు భార్య తలుపు తీసి అతని మొహం చూడలేదు, అతని వెనక గేటు చూసింది. అతను ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె విన్నది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ దేశపు రాకెట్లు ఇప్పటికీ లేచినవి లేచినట్టే పేలిపోతున్నాయి. నాజిల్ లోపమని నిపుణులు అంటారు. మామగారు చెయ్యి వేసి ఉంటే పగిలేది కాదు. కాబట్టి ఆయన చెయ్యి వెయ్యలేదు. చెడ్డది చెయ్యడం ఆయనకు చేతకాదు, మంచిది చెయ్యడానికి మనసొప్పదు. ఏ పనీ చెయ్యనన్న ముసలివాణ్ణి అలాంటివాళ్ళు ఎంతకాలం కూర్చోబెట్టి పోషిస్తారో అల్లుడు భార్యతో అనలేదు. ప్రతి పేలుడు వార్తకూ చీఫ్ మాత్రం అతనికి ఫోన్ చేసి అభినందనలు చెబుతాడు.

మామగారు తిరిగి రాలేదు. ఆ ఏడాది చివరి రేసు జరిగిన ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిన మనిషి, ఇంతవరకూ రాలేదు.