ఊపిరి మూసిన గోడ

మిట్టమధ్యాహ్నం! నీడలు కాళ్ల కిందికి ముడుచుకునే ఘోర ఘడియ... ఎండకు జడిసి సైట్లన్నీ విరామంలో ఉన్నాయి. ఈ ఎడారి దేశపు రుస్తాఖ్ కొండల మీద మాత్రం కారుమేఘాలు కమ్ముకుంటున్నాయి. ఎక్కడో ఉరిమింది. వాగు ఒడ్డున, తాను కట్టిన ఖర్జూరతోట గోడ చివర నిలబడి మేస్త్రి ఇస్తారి పళ్లు నూరాడు. మళ్లీ మూసేశారు!

ఇంటి గోడ పరాయి చూపును ఆపాలి. పెరటి గోడ మేకలను ఆపాలి. వాగు గట్టు గోడ మట్టిని ఆపితే చాలు, నీటిని పోనివ్వాలి. అందుకే అడుగున పైపు ముక్కలు పెట్టి రంధ్రాలు వదిలాడు. రోజూ ఎవరో వాటిని సిమెంటుతో పూడ్చేస్తున్నారు! మూయొద్దని అందరికీ చెప్పీ చెప్పీ, తవ్వీ తవ్వీ ప్రాణం విసిగిపోయింది. అది చాలదన్నట్టు స్వదేశంలో, ఊళ్లో ఉన్న భార్య రజితకు ఊపిరాడని వింత జబ్బు. డాక్టర్లకు అంతుచిక్కలేదు.

ఫోన్ మోగింది. వీడియోలో రజిత... కళ్లు తేలేసి, జుట్టు విరబోసుకుని, తనది కాని బొంగురు గొంతుతో అరుస్తోంది!

"బొక్కలు తియ్యయ్యా... నేను గోడల ఉన్న... నన్ను మూస్తున్నడు!"

ఇస్తారి కాల్ ఆపకుండానే ఫోన్ జేబులో కుక్కి, సుత్తె పట్టుకుని గోడ వెంట వాగులోకి పరుగెత్తాడు.

అక్కడ తన ఊరివాడే, ఫోర్‌మన్ పెద్దులు! నుదుట నెత్తుటి బొట్టు, నోట భీకర మంత్రోచ్చారణ... పగలగొట్టిన సిమెంటు బ్లాకు బోలులో ఒక కపాలం! దానికి చుట్టిన పచ్చచీర పేలికను ఇస్తారి గుర్తుపట్టాడు. పెద్దులు ఛుట్టీకి ఊరికి పోయి వస్తుంటే రజిత సకినాలు మూటగట్టి పంపిన గుడ్డ అది! సకినాలు రూమ్‌లో అందరూ పంచుకు తిన్నారు. మూటగుడ్డ ఏమైందని ఎవరడుగుతారు?

"పెద్దులన్నా! నా ఇంటిదాని పానం తీస్తవా?"

"మొగడు కట్టిన గోడల పెండ్లాం ఊపిరి మూస్తె మహాశక్తి నాకు బాంచ అయితది! ఈ సిమెంట్ ఆరెదాంకనే... అడ్డమొస్తె నిన్ను గూడ గోడలనే పెడ్త!"

ఫెళఫెళమని ఆకాశం విరిగిపడ్డట్టు ఉరుము! కొండల మీది వాన తోటలోకి దూకింది. నానిన మట్టి బరువుకు గోడ పొట్ట ఉబ్బింది. ఇస్తారి సుత్తె ఎత్తి ఒక రంధ్రాన్ని బద్దలుకొట్టాడు. బురదనీటితో పాటు... సుదీర్ఘమైన ఒక ఆడమనిషి నిశ్వాసం! పెద్దులు మృగంలా గర్జించి రెండు అరచేతులతో ఆ రంధ్రాన్ని అదిమిపట్టాడు.

"జరుగన్నా! కూలుతది!"

"జరగ! ఇడిస్తె శక్తి పోతది!"

మంత్రానికి లొంగని మహాశక్తి గోడ వెనక నిండింది. నీరు! బొటబొట కారిన చోటే బీటలు... మరుక్షణం ఆ గోడంతా పెద్దులు మీద విరుచుకుపడింది! ఒక్క కేక. ఆపైన కపాలాన్నీ, మాంత్రికుణ్ణీ వాగు ఈడ్చుకుపోయింది.

ఇస్తారి పాకుతూ ఒడ్డెక్కాడు. జేబులోంచి సన్నగా, తన సొంత గొంతుతో రజిత మాట.

"ఏమయ్యా... ఎన్నిదినాలకు నిమ్మలంగ ఊపిరాడుతున్నది. ఏం జేసినవ్?"

"ఇన్ని దినాలసంది మొత్తుకున్న... బొక్కలు ఇడువుండ్రి అని..." ఇస్తారి బురదచేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "ఒక్కడన్న ఇన్నడానే!"