మీ సేప బయలెల్లింది

ఈశ్వరి తెచ్చిన సంచీలో ఉండాల్సినవి రొయ్యలు. ఉన్నవి పీతలు.

గోపాలపట్నంలో జిరాక్స్ షాపు మీది గదిలో ఉండే కుర్రాడు సంచీ మూతి విప్పి, లోపలికి చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇవి రొయ్యలేనాండీ?"

"కళ్లజోడు ఉన్నాది కదా బాబూ, సూడు."

"చూసే అడుగుతున్నాను. అది కూడా నన్నే చూస్తోంది."

ఈశ్వరికి నవ్వొచ్చింది గాని బిగబట్టుకుంది. ఫోన్ తీసి వాట్సాప్ పైకీ కిందకీ జరిపింది. తప్పు తనదే. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో బోటు పక్కన నిలబడి ఆర్డర్లు చూసుకుంటుంటే మెసేజులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఇతని రొయ్యలు వెనక వీధిలో బ్యాంకు మేడం సూర్యకళ గారింటికి వెళ్లిపోయాయి.

"తప్పయిపోనాది. పీతలు ఉంచీసుకో, తక్కువకిచ్చేత్తాను."

"నాకు వండడం రాదు."

"రొయ్యలు వొచ్చేటి?"

"రొయ్యలు యూట్యూబ్‌లో చూశాను."

ఈసారి నవ్వు ఆగలేదు. ఆ మెట్ల మీదే కూర్చుని పీతలు విరిచి, కడిగి, అల్లం ఎంతో చింతపండు ఎంతో చెప్పింది. అతను నిజంగానే ఫోన్‌లో టైప్ చేసుకున్నాడు.

"పేరేటి?"

"దొరబాబు. మాది ఎలమంచిలి."

"దొరగారు ఇక్కడ ఏటి సేత్తారు?"

"యాప్‌లు కడతాను. కోడ్ రాయక్కర్లేదు. ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి, వాటిని అమర్చుకోవడమే. అలా కట్టినదాన్ని టెంప్లేట్ అని సైట్‌లో పెడతాను. కావలసినవాళ్లు కొనుక్కుని పేరూ రంగూ మార్చుకుంటారు."

"అంటే రెడీమేడ్ జాకెట్టు. ఎవులు కొనుక్కుంటే ఆళ్లు కుట్లు ఇప్పుకోడమే."

దొరబాబు ఆమె వైపు కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. "మా నాన్నకి రెండేళ్లుగా చెప్తున్నాను. ఆయనకి అర్థం కాలేదు."

"కొంటన్నారా మరి?"

"జిమ్‌ల కోసం ఒకటి పెట్టాను, ట్యూషన్ సెంటర్ల కోసం ఒకటి. ఎవరూ కొనలేదు." అతను తల గోక్కున్నాడు. "మీకొకటి కట్టిపెడతాను. రొయ్యలు రొయ్యల వాళ్లకీ, పీతలు పీతల వాళ్లకీ వెళ్తాయి. డబ్బులొద్దు. మీ పనెలా ఉంటుందో చెప్పండి చాలు."

ఈశ్వరి బీకాం చదివింది. తల్లి అప్పాయమ్మ గంపతో ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మితే, ఆమె స్కూటీ మీద తిరిగి అమ్ముతోంది. ఎక్కడ కొంటావు, ఎంతకిస్తావు అని అడిగినవాళ్లున్నారు గాని, నీ పనెలా ఉంటుంది అని అడిగినవాడు అంతవరకూ లేడు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉన్నాయి. ఈశ్వరికి చేతినిండా ఖాళీ. దొరబాబు సాయంత్రాలు బస్సెక్కి హార్బర్‌కి వచ్చేవాడు. ఇద్దరూ వలలు ఆరేసిన చోట గట్టు మీద కూర్చునేవాళ్లు. మీరు కాస్తా నువ్వయింది.

"చందువా, వంజరం పక్కపక్కన పెట్టనా?"

"పెట్టకు. వంజరం ధర సూసి చందువా కూడా కొనరు."

"తల వద్దనేవాళ్లుంటారా?"

"ఉంటారు. పులుసు సేత్తారా, వేపుడా అని ముందే అడగాల. కోతని బట్టే రుచి."

ఆమె చెబుతుంటే అతను వినేవాడు. ఎంత శ్రద్ధగా వినేవాడంటే, వాన చినుకులు పడినా లేచేవాడు కాదు. తలకి కాకుండా, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఆ చూపు మొహం మీద పడితే ఈశ్వరికి మాటలు ఇంకా ఊరేవి. ఓ పెళ్లిలో గొంతులో చేపముల్లు గుచ్చుకుని నాన్న పాట ఆపేసిన సంగతి, కొనేవాళ్లతో అమ్మ ఎలా వేళాకోళమాడేదీ, అన్నీ చెప్పింది. ఇంటికెళ్లాక రేపేం చెప్పాలా అని వెతుక్కునేది.

జూన్‌లో బోట్లు మళ్లీ కదిలిన రోజున దొరబాబు ఆమె ఫోన్‌లో యాప్ తెరిచి చూపించాడు. ఆర్డర్ పెట్టగానే, 'సేప ఇంకా బోటులోనే ఉన్నాది, కంగారు పడకండి' అని వచ్చింది. బయల్దేరాక, 'మీ సేప బయలెల్లింది. మసాలా నూరుకోండి.' ఇంటికి చేరాక, 'ముల్లు సూసుకుని తినండి.'

అవన్నీ ఆమె నోటి మాటలే. ఆ గట్టు మీద అన్నవే.

"నాను సెప్పినవన్నీ గుర్తెట్టుకున్నావా?"

"ఒక్కటీ మర్చిపోలేదు" అన్నాడు.

ఆమె చెవులు వేడెక్కాయి. అతను ఇంకొక మాటంటాడని చాలాసేపు చూసింది. అనలేదు.

వర్షాకాలం బాగానే నడిచింది. ఆర్డర్లు పెరిగాయి. సందేశాలు చదివి జనం నవ్వుకుని, పక్కింటివాళ్లకి చూపించేవారు. తర్వాత ఎందుకో ఒక్కొక్కరే తగ్గడం మొదలుపెట్టారు. వారం వారం తీసుకునే సూర్యకళ గారు కూడా మానేశారు. ఒక ఆదివారం ఆవిడే ఫోన్ చేసి రమ్మన్నారు.

"నువ్విలా చేస్తావనుకోలేదు ఈశ్వరీ. మొన్న పంపిన చేప కంపు కొట్టింది. ఫిర్యాదు పెడితే పలికే దిక్కు లేదు."

"నాను మీకు సేప పంపి నెల్లాళ్లు దాటింది మేడం."

ఆవిడ ఫోన్ చూపించారు. పేరు వేరు, రంగు వేరు. హోల్‌సేల్ వ్యాపారి గవర్రాజు కొత్తగా పెట్టిన యాప్ అది. మొదటి ఆర్డర్‌కి సగం ధర. కింద మాత్రం, 'మీ సేప బయలెల్లింది. మసాలా నూరుకోండి.'

"పేరు మార్చావనుకున్నానమ్మా. మాటలు నీవే కదా" అన్నారు సూర్యకళ.

ఈశ్వరి స్కూటీ తిన్నగా జిరాక్స్ షాపు ముందు ఆగింది. వాన దంచుతోంది. తడిసిన చున్నీ పిండుకోకుండానే మెట్లెక్కింది. ఆమెను చూడగానే దొరబాబు మొహం విప్పారింది. తువ్వాలు అందించబోయాడు. ఆమె తీసుకోలేదు.

"గవర్రాజుకి నా యాప్ ఎందుకిచ్చీసావు?"

"గవర్రాజెవరు?"

ఆమె చెప్పింది. అతను లాప్‌టాప్ తెరిచి వెతికాడు. కొన్నవాళ్ల పేర్లు కేరళ నుంచి, గోవా నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఉన్నాయి. వాటి మధ్యలో గవర్రాజు పేరు కూడా ఉంది.

"నాకు తెలీదు ఈశ్వరీ. నిజంగా. ఎవరు కొంటున్నారో చూసుకోను. నేనమ్మింది టెంప్లేట్, నీ యాప్ కాదు."

"నా మాటలు అందులో ఎందుకున్నాయి మరి?"

"నమూనాకి ఉంచాను. ఎవరికి వాళ్లు మార్చుకుంటారనుకున్నాను." అతని గొంతు తగ్గింది. "నేను కట్టినవాటిలో అమ్ముడుపోయింది ఇదొక్కటే. ఇంట్లో నన్ను మనిషిగా చూస్తున్నది దీనివల్లే. నీకు చెబ్దామనే అనుకున్నాను. చెప్తే నువ్వు సంతోషిస్తావనుకున్నాను కూడా."

ఆ మాట అబద్ధం కాదని ఈశ్వరికి తెలుసు. అందుకే ఇంకా మండింది.

"సైట్‌లో ఎప్పుడు పెట్టావు?"

దొరబాబు చూపు లాప్‌టాప్ మీదికి తిప్పుకున్నాడు.

"మే నెలలో."

"నాకు జూన్‌లో ఇచ్చావు."

"అవును."

కింద షాపులో జిరాక్స్ మిషన్ ఆగకుండా కాగితాలు తీస్తోంది. ఈశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. గట్టు మీద నా కాడ కూకునీవోడివి కదా. నాకోసం కూకున్నావా, దానికోసం కూకున్నావా?"

అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజుకి గొడవ సద్దుమణిగేదేమో. దొరబాబుకి అబద్ధాలు చేతకావు.

"మొదట దానికోసమే. తర్వాత నీకోసం."

"తర్వాతంటే ఎప్పటినుంచి?"

అతను ఆలోచించాడు. నిజంగానే కళ్లు మూసుకుని వెతికాడు.

"తెలీదు" అన్నాడు.

అతను తనని ప్రేమిస్తున్నానని చెప్పడం అదే మొదటిసారి. నెలల తరబడి ఆ మాట కోసం ఎదురుచూసింది. వచ్చింది గాని, ఇలా వచ్చింది. ఈశ్వరి మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయింది.

దొరబాబు మర్నాడే ఆ టెంప్లేట్ సైట్ నుంచి తీసేశాడు. కాని కొన్నవాళ్ల దగ్గర కొన్నది కొన్నట్టే ఉంటుంది. గవర్రాజు ఆఫీసుకి వెళ్లి ఆ మూడు వాక్యాలన్నా మార్చమని బతిమాలాడు. గవర్రాజు కూర్చోబెట్టి టీ తాగించాడు. "జనం ఆ మాటలకే పడతన్నారు బావా. డబ్బులిచ్చి కొన్నాను, ఎందుకు మార్సాల? నువ్వే వొచ్చి నా కాడ పనిలో సేరిపో" అన్నాడు. దొరబాబు టీ సగంలో వదిలేసి వచ్చేశాడు.

ఈ సంగతంతా అతను ఈశ్వరికి చెప్పలేదు. అప్పాయమ్మకి చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి, "మీ అమ్మాయికి అన్యాయం చేశాను. కావాలని కాదు. మీకిష్టమైతే పెళ్లి చేసుకుంటాను. బెంగళూరులో ఉద్యోగం చూసుకున్నాను. తను రాకపోతే నేనే ఇక్కడేదో ఒకటి చూసుకుంటాను" అన్నాడు.

అప్పాయమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. కులం వేరని తెలుసు. అయినా, "దానికిట్టమైతే నాకూ ఇట్టమే బాబూ. దాని నాన్నకి నాను సెప్పుకుంటాను" అంది.

ఈశ్వరి పెరట్లోంచి అంతా విన్నది. అప్పాయమ్మ దొరబాబుని అక్కడికే పంపింది. వీధిలో అమ్మడానికి ఈశ్వరి గిన్నెడు కానాగడత చేపలు ముందేసుకుని పొలుసు గీరుతోంది. అతను ఎదురుగా చతికిలబడ్డాడు. చిక్కిపోయాడు. కళ్లజోడు జారుతున్నా పైకి తోసుకోవడం లేదు.

"కోపం పోలేదా?"

"పోనాది."

"మరి?"

ఆమె తలెత్తి చూసింది. ఏదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ పొద్దున హార్బర్‌లో బోటువాళ్లిద్దరి మధ్య జరిగిన తమాషా, అతను వింటే పడీ పడీ నవ్వుతాడు. చెప్పబోయి, అతని కళ్లలో పాత శ్రద్ధ మేలుకోవడం చూసింది. నోరు దానంతటదే మూతపడింది.

"నువ్వు మంచోడివే దొరబాబూ" అంది చివరికి. "బెంగుళూరెల్లు. నా కోసం ఆగకు."

"మళ్లీ ఎప్పుడూ అలా చెయ్యను."

"తెలుసు. సెయ్యవు."

అతను కళ్లజోడు పైకి తోసుకున్నాడు. తర్వాత లేచి, అప్పాయమ్మకి దండం పెట్టి వెళ్లిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా చెప్పుల చప్పుడు వినపడింది.

అప్పాయమ్మ పెరట్లోకి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటే నీకు? తాగుతాడా?"

"లేదమ్మా."

"కొడతాడా?"

"ఛ."

"నీకిట్టం లేదేటి?"

గీరేసిన చేపనే ఈశ్వరి మళ్లీ గీరసాగింది. అప్పాయమ్మకి అంతకంటే పెద్ద జవాబు అక్కర్లేకపోయింది.

"మరెందుకే వొద్దన్నావు, ఒలే?"

"నాను మాటాడితే వింటాడమ్మా. బాగా వింటాడు. ఇన్నప్పుడల్లా, ఇది ఎక్కడికెల్తాదో అని నాకు అనుమానం. మాటాడ్డానికే భయపడీదాన్ని, కాపరం ఎలగ సెయ్యను?"

అప్పాయమ్మకి యాప్ తెలీదు, టెంప్లేటూ తెలీదు. కూతురి మొహం మాత్రం తెలుసు. ఎదురుగా కూలబడి, ఆమె చేతిలోంచి చేపనీ కత్తినీ మెల్లగా తీసుకుంది.

"నువ్వు లేచి మొహం కడుక్కో. ఇయ్యి నాను గీరతాను."

ఈశ్వరి లేవలేదు. ఖాళీ అయిన రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. అప్పాయమ్మ తల వంచుకుని, చేప తర్వాత చేప, పొలుసు గీరుతూ పోయింది.