సీమ ఇత్తడి

ఢాం!

గుండు నీళ్ళలో పడింది. దోనెకి బారెడు దూరంలో!

సత్తెమ్మ గడని బలంగా పొడుస్తోంది. దోనె కిక్కిస పొదల్లోకి దూసుకుపోతోంది. ఆకులు మొహాన్ని కోస్తున్నాయి. కొల్లేటి మీద పొద్దు వాలిపోతోంది.

వెనక దోనెలో చేపల చెరువుల ఆసామి గంగాధరరావుగారి నమ్మినబంటు నరసింహరాజు. చేతిలో రైఫిల్!

ఆమె కొంగున రెండు ఖాళీ ఇత్తడి తూటాలు.

రేపు ఏలూరు కోర్టులో ఆమె మొగుడు సూర్రావు కేసు ఆఖరి వాయిదా. ఉరి తప్పదన్నాడు లాయరు. చేపల సొసైటీ పెద్ద వీరాస్వామిని కాల్చాడట... గంగాధరరావుగారి పనివాళ్ళ రైఫిల్ దొంగిలించి!

సత్తెమ్మ పొదలో దోనె ఆపింది. కొంగుముడి విప్పింది.

ఒకటి వీరాస్వామి పడిపోయిన గట్టు బురదలో నిన్న దొరికింది. రెండోది ఇందాకే పనివాళ్ళ ఖాళీ తూటాల డబ్బాలోంచి తెచ్చింది. తెస్తూ నరసింహరాజు కంట పడింది.

ఆమెకి ఇత్తడి తెలుసు. మిలిటరీలో తుపాకులు బాగుచేసిన నాన్న నేర్పాడు. గంగాధరరావుగారి వేట బంగళాలో కాల్చిన తూటాల్ని మళ్ళీ నింపేది ఆమే.

డబ్బాలోది తేలిక. మెడ దగ్గర వెంట్రుకంత పగులు. నాసిరకం.

బురదలోది... బరువు. మందం. ఎక్కడా చిన్న చీలిక లేదు.

సీమ ఇత్తడి! ఇంగ్లండు సరుకు! గంగాధరరావుగారి సొంత రైఫిల్‌కి తప్ప ఇంక దేనికీ వాడరు!

కాల్చింది... ఆయనే!

"అవి ఇలా ఇచ్చెయ్యమ్మా."

సత్తెమ్మ ఉలిక్కిపడింది. నాలుగు బారల దూరంలో నరసింహరాజు!

"ఇస్తే నా మొగుణ్ణి ఉరి తీసేస్తారండీ!"

"నేను జీతగాణ్ణి. నాకు తప్పదు."

ఇంకో తూటా తీశాడు. ఎండ దాని మీద పడింది. అడుగుకి కాస్త పైన తెల్లటి గీత తళుక్కుమంది.

"రాజుగారూ! అది పేల్చకండి!"

"బెదిరిస్తున్నావా?"

"ఆ గీత చూడండి! అక్కడ ఇత్తడి సాగి సాగి పల్చబడిపోయింది. పనికిరావని నేనే పక్కన పడేశానండీ. ఎవరిచేతో నింపించి మీకిచ్చారు! మంచివి ఆయనకి... చచ్చినవి మీకు!"

"ఇందాకటిది పేలిందిగా?"

"ఇది మీ మొహానే పేలుద్దండీ!"

నరసింహరాజు ఆమె కళ్ళలోకి చూశాడు. తూటా అడుగుని గోటితో తడిమాడు.

రైఫిల్‌లోకి తోశాడు!

సత్తెమ్మ కళ్ళు మూసుకుంది.

ఏం లేదు...

కళ్ళు తెరిచింది. రైఫిల్‌ని దోనె అంచుకి కట్టేశాడతను. మొన కిక్కిస వైపు. ట్రిగ్గర్‌కి వలతాడు ముడేశాడు.

"వంగో!"

తాడు లాగాడు.

ఢాం!!

బోల్టు సందుల్లోంచి మంట వెనక్కి తన్నింది! చెంప ఆనించే చెక్క నిలువునా చీలింది!

నరసింహరాజు చెయ్యి తన చెంప మీదకి పోయింది.

"పొద్దున్నే ఇచ్చాడు... తన చేత్తో. జాగ్రత్త రాజూ అన్నాడు."

అతను సత్తెమ్మ చేతిలోని తూటాల కేసి చూశాడు.

"ఆ రోజు దోనె నడిపింది నేనేనమ్మా. వీరాస్వామి దండం పెట్టాడు. అయినా గంగాధరరావు కాల్చాడు."

"ఆ మాట... కోర్టులో చెప్తారా అండీ?"

అతను ఆమె దోనెలోకి దిగాడు. చేతిలోంచి గడ అందుకున్నాడు.

"కూర్చో. తెల్లారేసరికి ఏలూరులో ఉండాలి."